పక్షవాతమున మెదడును కాపాడుట

గుత్తికోటను హైదరాలీ ముట్టడించిన కథ మన విద్యార్థు లెల్లరు నెఱిఁగినదే. 1776 వ సంవత్సరమున మురారిరావు ఘోర్పడే యీ దుర్గమును శత్రువున కప్పగింపవలసి వచ్చెను. ఎగువకోట గోడలు నాఁడును నిలిచియుండెను, నేఁడును నిలిచియే యున్నవి. లోపలివారిని లొంగఁదీసినది ఫిరంగులకంటె దప్పిక. కొండమీఁది దొనలలో నీరు అడుగంటెను. ఆ మీఁదట శౌర్యము చేయఁగలిగిన దేమియు లేదు.

మనుష్యుని తల యిట్టి దుర్గమువంటిది. పుఱ్ఱె దాని ప్రాకారము. లోపల నున్న మెదడు మనలను నడిపించును, మాటాడించును, తలంపించును. దానికి కావలసిన నెత్తురంతయు మెడగుండ నెక్కు నాలుగు ధమనులవలననే చేరును. ముందువైపున రెండు, వెన్నెముక నంటుకొని రెండు. కోటలో వాననీరు నిలువఁబెట్టుకొనుటకు దొనలైన నుండెను. మెదడునకు నిలువ లేదు. కండలయందును కాలేయమునందును కొంత చక్కెర దాఁచఁబడియుండును గాని, మెదడు ఏనాఁటి కూలి యానాఁడు తిను బీదవానివలె, ఏ నిమిషమున వచ్చిన ప్రాణవాయువును చక్కెరను ఆ నిమిషముననే వెచ్చించుచుండును. శరీరపు బరువులో మెదడు నూటికి రెండుపాళ్లు మాత్రమే. అయినను మనము ఊరక కూర్చున్నపుడు శరీరము వాడుకొను ప్రాణవాయువులో నైదవ వంతు దానికే పోవును. ఆరోగ్యవంతుని మెదడులో ప్రతి నూఱు గ్రాముల భాగమునకును నిమిషమునకు సుమారు 50 మిల్లీలీటర్ల నెత్తురు పాఱుచుండును. ఈ సంఖ్యను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. దీనితో మనకు పని యున్నది.

మన ప్రాంతమున పక్షవాతమని పిలువఁబడు రోగము చేతికిఁ గాని కాలికిఁ గాని వచ్చినది కాదు. పక్షమనఁగా ఒక ప్రక్క. ప్రక్క పడిపోవుట కంటికిఁ గనఁబడుచున్నది గనుక పూర్వులు దానికా పేరు పెట్టిరి. రోగస్థానము మాత్రము తలలో నున్నది. అదియు నెదుటి ప్రక్కను. కుడిచేయి పడిపోయినచో చెడినది యెడమ మెదడు. మాటలాడు శక్తియు పెక్కుమందికి ఎడమ మెదడుననే యుండుటచేత, కుడిప్రక్క పడిపోయినవారికి మాటకూడ పోవుట తఱచుగాఁ జూతుము. ఈ రోగము రెండు విధములు. మెదడులోని నెత్తురునాళము పగిలి నెత్తురు లోపల చిమ్ముట యొకటి. నాళములో నెత్తురుగడ్డ యడ్డుపడి అవతలి భాగమునకు నెత్తురు పోకుండుట రెండవది. లోకమున నెక్కువమందికి వచ్చునది యీ రెండవదే. ఈ వ్యాసమున మేము చెప్పఁబోవునది ముఖ్యముగా దానినిగూర్చియే.

స్విట్జర్లాండు వైద్యుఁడైన వేప్ఫరు 1658 లో శవములను కోసి చూచి, తటాలున పడిపోయి మరణించిన కొందఱి మెదడులలో నెత్తురు చిమ్మియుండుటను వ్రాసెను. రెండువందల యేండ్లకు జర్మను పండితుఁడు వీర్ఖో, నెత్తురు నాళములోనే గడ్డకట్టుననియు, ఆ గడ్డ తెగి ప్రవాహములోఁ గొట్టుకొనిపోయి దూరముననున్న సన్ననాళమున నిఱుకుకొనుననియు నిరూపించెను. మన వంకలలో ముండ్లకంప కొట్టుకొనివచ్చి తూముకడ చిక్కుకొనుటను చూచినవారికి దీనిని విప్పి చెప్పనక్కఱలేదు. ఇంతవఱకు నెఱిఁగినను వైద్యులు 20వ శతాబ్దము చివఱవఱకును ఈ రోగికిఁ జేయఁగలిగినది స్వల్పమే. రోగిని పండుకొనఁబెట్టి, ఒంటికి పుండ్లు పడకుండఁ జూచి, దైవమునకు విడిచిరి. మెదడులో నెత్తురాగిన భాగము కొలఁది నిమిషములలో చచ్చిపోవును గనుక వైద్యుఁడు వచ్చులోపల నంతయు ముగిసిపోవునని వారి తలంపు.

ఆ తలంపు సగమే నిజమని తెలిసినది 1977 లో. అస్త్రప్, సైమన్ అను వైద్యులును వారి తోడివారును బబూను జాతి కోఁతుల మెదడులో నెత్తురుపాఱుదలను కొంచెము కొంచెముగాఁ దగ్గించుచు పరీక్షించిరి. ఇప్పుడు 50 అను సంఖ్యను మరల తలఁచుకొందము. పాఱుదల 20 కంటె తగ్గినపుడు నాడీకణములు పని మానివేయును. చేయి కదలదు, మాట రాదు. అయినను కణములు చావవు. ఇంకను దిగి 10 ప్రాంతమునకు వచ్చినపుడే కణపుగోడలు చెడి, లోపలి యుప్పులు వెలుపలికి, వెలుపలివి లోపలికిఁ బోయి, చావు మొదలగును. ఈ రెండు సంఖ్యల నడుమ నున్న మెదడు బ్రదుకునకును చావునకును నడుమ నున్న మెదడు. 1981 లో దీనికి ఉపచ్ఛాయ యను పేరు పెట్టిరి. గ్రహణమునాఁడు చందమామపైఁ బడు దట్టపు నీడ చుట్టును పలుచని నీడ యొకటి యుండును గదా, ఆ పేరే.

మేము తరగతిలో దీనిని చెప్పునపుడు గ్రహణమును విడిచి వేరుసెనగచేనిని పట్టుకొందుము. మన జిల్లాలో సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన కుఱియుట గొప్ప. ఊడలు దిగు దినములలో మూఁడు వారములు వాన లేకున్న చేను ఎట్లుండునో రైతుబిడ్డలు చెప్పఁగలరు. గట్టుమీఁది ఱాతినేలలో మొక్క మాడి పొడి యగును. దానికి గంగను తెచ్చి పోసినను లేవదు. పల్లపునేలలో మొక్క ఆకు ముడుచుకొని తలవాల్చి యుండును, చూపునకది చచ్చినదే. కాని రాత్రి ఒక్క పదును వాన పడినచో తెల్లవాఱునప్పటికి తల యెత్తును. దూరమునుండి చూచిన బాటసారికి రెండును ఒక్కటే యెండిన చేను. రైతునకు మాత్రము అవి వేఱు. పక్షవాతము వచ్చిన మెదడులో నడిమి భాగము ఱాతినేల, చుట్టునున్నది పల్లపునేల. ప్రక్కనాళములనుండి కొంచెముగా నూరి వచ్చు నెత్తురు ఆ పల్లపుభాగమును కొంతసేపు నిలుపును. ఆ ప్రక్కనాళములు కొందఱికి బాగుగ నుండును, కొందఱికి నుండవు. అందుచేతనే యొకని మెదడు గంటలో చెడును, మఱియొకనిది పది గంటలు పోరాడును. ఎవరిది ఎట్టిదో ముందుగా నెవరికిని తెలియదు.

అమెరికా వైద్యుఁడు సేవరు 2006 లో దీనికొక లెక్క కట్టెను. పెద్దనాళము మూసికొనిపోయిన రోగికి సగటున నిమిషమునకు 19 లక్షల నాడీకణములు నశించునని యాయన చెప్పెను. గంటకు 11 కోట్లకు పైమాట. సగటు లెక్క యగుటచేత ప్రతి రోగికిని ఇదియే సరియని తలఁపరాదు గాని, గడియారమునకును మెదడునకును గల సంబంధమును దీనికంటె సూటిగాఁ జెప్పు లెక్క మాకుఁ గనఁబడలేదు.

ఇఁక అడ్డును తీయుట యెట్లు? మొదటి యుపాయము కరిగించుట. మన నెత్తురులోనే గడ్డను కరిగించు సాధన మున్నది. గాయము మానిన తరువాత గడ్డ తానుగాఁ గరుగుట అందుచేతనే. గడ్డ యనునది ఫైబ్రిన్ అను నారలతో నల్లఁబడిన వలవంటిది. ఆ నారలను కత్తిరించు ప్లాస్మిన్ అను కత్తెర నెత్తురులో ఒరలో నున్నట్లు తిరుగుచుండును. నాళపుగోడలనుండి యూరు ఒక పదార్థము దానిని ఒరనుండి దూయును. 1933 లో టిల్లెట్, గార్నర్ అనువారు గొంతునొప్పిని గలిగించు సూక్ష్మజీవులనుండియు నిట్టి శక్తిగల స్ట్రెప్టోకైనేజు అను పదార్థమును కనిపెట్టిరి. అది గుండెపోటున నెంతయో మేలు చేసెను గాని, పక్షవాత రోగులకిచ్చి చూచిన పరీక్షలను మెదడులో నెత్తురు చిమ్ముట యధికమగుటచేత 1990 తరువాత ఆపివేయవలసి వచ్చెను. నాళపుగోడలలో సహజముగా నుండు పదార్థమునే ప్రయోగశాలలో కణములయందు పెంచి తీసిన ఆల్టెప్లేజు అను మందు మాత్రము నెగ్గెను. 1995 లో అమెరికాలో 624 మంది రోగులపై జరిపిన పరీక్షాఫలితములు ప్రకటింపఁబడినవి. రోగము తగిలిన మూఁడు గంటలలోపల నా మందు పొందినవారు, పొందనివారికంటె, మూఁడు నెలల తరువాత వైకల్యము లేకయో మిక్కిలి స్వల్పముగనో యుండుట నూటికి 30 పాళ్లయిన నెక్కువగాఁ గనఁబడెను. 1996 లో ఆ దేశపు ప్రభుత్వ మా మందునకు సమ్మతి యిచ్చెను. 2008 లో ఐరోపావారి పరీక్ష గడువును నాలుగున్నర గంటలవఱకు పొడిగించెను.

మందులో అపాయము లేదని మేము చెప్పము. ఆ 1995 పరీక్షలోనే, మందు పొందినవారిలో నూటికి ఆఱుగురికిపైగా మెదడులో నెత్తురు చిమ్మి హాని కలిగెను. పొందనివారిలో నది నూటికొక్కరికంటెను తక్కువ. కారణము మన రైతులకు సులభముగా బోధపడును. చాలదినములు ఎండి బీటలువాఱిన కాలువలో ఒక్కసారిగా నీరు వదలినచో గట్టు తెగును. నెత్తురులేక చాలసేపున్న నాళపుగోడలును అట్లే బలహీనమగును. కావుననే గడువు దాఁటినవారికి వైద్యుఁడు మందీయ నిరాకరించును. అది కఠినత్వము కాదు. ఆ నిరాకరణమును చూచి ఇంటివారు వైద్యునిపైఁ గోపపడుట మే మెఱుఁగుదుము. ఆలస్యముగా వదలిన నీరు చేనిని బ్రదికింపదు సరిగదా కాలువనుకూడఁ జెఱచును.

పైని చెప్పిన రెండు విధముల పక్షవాతములు వెలుపలికి ఒక్కతీరుననే కనఁబడునని విద్యార్థులు గమనింపవలెను. మూతి అట్లే వంకరపోవును, చేయి అట్లే వ్రేలాడును. నెత్తురు చిమ్మినవానికి గడ్డకరిగించు మందిచ్చినచో వానిని చంపినట్లే. నాడి పట్టి చూచి ఈ భేదమును చెప్పఁగల వైద్యుఁడు ప్రపంచమున లేఁడు. దీనికి సి.టి. స్కాను అను యంత్రము కావలెను. హౌన్స్‌ఫీల్డు అను నింగ్లీషు ఇంజనీయరు దానిని నిర్మింపఁగా, 1971 లో లండను నగరప్రాంతమున మొదటి రోగి తల చూడఁబడెను. 1979 లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. ఆ చిత్రమున చిమ్మిన నెత్తురు తెల్లగాఁ గనఁబడును. గడ్డయడ్డిన మెదడు తొలిగంటలలో దాదాపు మామూలుగనే యుండును. చిత్రమున నేమియు కనఁబడలేదన్న మాట ఇక్కడ శుభవార్త.

రెండవ యుపాయము లాగివేయుట. తొడమూలమున ధమనిలో సన్నని గొట్టమును దూర్చి, గుండె ప్రక్కగా మెడకెక్కించి, మెదడులోని యడ్డుకడకు చేర్చి, జల్లెడవంటి సన్నతీగెల గూటితో గడ్డను పట్టి వెలుపలికి లాగుదురు. మొదట మా కిది గారడివాని మాటగనే తోఁచెను. 2015 లో ప్రకటింపఁబడిన హాలెండు దేశపు పరీక్షలో, పెద్దనాళము మూసికొనిన 500 మంది రోగులను చేర్చిరి. ఈ చికిత్సతో నూటికి 33 మందియు, అది లేక నూటికి 19 మందియు, మూఁడు నెలలకు పరుల సాయము లేక తమ పనులు తాము చేసికొనఁగలిగిరి. ఆ యేఁటనే మఱి నాలుగు పరీక్షలు నదియే చెప్పెను. 2018 లో వెలువడిన రెండు పరీక్షలు ఇంకను విచిత్రమైనవి. వాడిన చేను ఇంకను మిగిలియున్నదని ప్రత్యేక చిత్రములలోఁ గనఁబడిన రోగులకు, ఒక పరీక్షలో 16 గంటలవఱకు, వేఱొకదానిలో 24 గంటలవఱకును గడ్డను లాగుటవలన మేలు కలిగెను. అయిన నిది పెద్దనాళపుటడ్డులకే. పెద్దనగరములలోని కొలఁది ఆసుపత్రులలోనే. ఇరువదినాలుగు గంటలున్నవి గదా యని యెవరైన కూర్చున్నచో ఆ చిత్రమున చేను మిగిలియుండదు.

ఇఁక మన యూరి సంగతి. కొన్నియేండ్ల క్రిందట, గుత్తికి సుమారు పది కిలోమీటర్ల దూరమున నొక పల్లెలో, మా విద్యార్థి యొకని జేజినాయన వేఁకువను ఎద్దులకు మేఁతవేయుచు చేతి గంపను జాఱవిడిచెను. మాట తడఁబడెను. ఇంటివారు కాఫీ యిచ్చిరి. అది మూతి ప్రక్కనుండి కాఱిపోయెను. గాలి సోకినదని ఒక పెద్దమ్మ యనెను. పసరు పోయించినచో దిగునని మఱియొకరు చెప్పఁగా ఆటోలో నెక్కించుకొని పోయిరి. అక్కడ పసరు పోసిరి. పావురమును కోసి వెచ్చని నెత్తురును చేతికిని కాలికిని రుద్దిరి. ప్రొద్దుగూఁకిన తరువాత నొక పెద్దాసుపత్రికిఁ జేర్చిరి. చిత్రమున గడ్డ చేసిన హాని స్పష్టముగాఁ గనఁబడెను. గడువు ఎప్పుడో దాఁటిపోయెను. ఆ వృద్ధుఁడు మఱి మూఁడేండ్లు బ్రదికెను. మనుమని చూచి నవ్వును, చేయి పట్టుకొనును, పేరు మాత్రము పలుకలేకపోయెను. ఆ యింటివారి ప్రేమలో లోపము లేదు. పసరునకును పావురమునకును ఆటోకును వారు వెచ్చించిన ధనముతోను కాలముతోను ఆసుపత్రికి రెండుమాఱులు పోయిరావచ్చును. వా రెఱుఁగనిది ఒక్కటే, అది చేతిరోగము కాదని.

ఆ పల్లెకు లెక్క కట్టి చూతము. పైతరగతులవారు పలకపై వేసికొనవచ్చును. గుత్తినుండి అనంతపురమునకు సుమారు 50 కిలోమీటర్లు, కర్నూలునకు 95, బెంగుళూరునకు 260. పల్లెకు వాహనము వచ్చుటకు 30 నిమిషము లనుకొందము. అనంతపురము చేరుటకు 75 నిమిషములు. ఆసుపత్రి గుమ్మము దాఁటినది మొదలు, చిత్రము తీసి, నెత్తురుపోటును సరిదిద్ది, సూది వేయువఱకు 60 నిమిషములు. మంచి యాసుపత్రులు పెట్టుకొనిన గడు విదియే. మొత్తము 165 నిమిషములు. నాలుగున్నర గంటలనఁగా 270 నిమిషములు. శేషము 105. ఆ 105 నిమిషములు వైద్యుని చేతిలోను లేవు, వాహనము నడుపువాని చేతిలోను లేవు, ఇంటివారి చేతిలో నున్నవి. వాని నన్నిటిని వాడుకొనుటకు మనకు హక్కున్నదని యెవరును తలఁపరాదు. నిమిషమునకు 19 లక్షల చొప్పున 105 నిమిషములకు 1,995 లక్షల కణములు, అనఁగా దాదాపు 20 కోట్లు.

ఈ జిల్లావారికి పూర్వము లేని సదుపాయములు నేఁడు కొన్ని యున్నవి. 2005 ఆగస్టు 15 న హైదరాబాదులో మొదలైన 108 వాహనములు తరువాత పల్లెలకును వచ్చినవి. పేదల శస్త్రచికిత్సల ఖర్చును ప్రభుత్వము భరించు ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిలు 1 న మొదట ప్రవేశపెట్టఁబడిన మూఁడు జిల్లాలలో మన అనంతపురమొకటి. తక్కినవి మహబూబునగరము, శ్రీకాకుళము. కర్నూలు వైద్యకళాశాల 1957 నుండి యున్నది. మన పెద్దలలో పలువురు తలరోగమనఁగనే వేలూరునకు రైలెక్కుదురు. 1949 లో అక్కడి క్రైస్తవ వైద్యకళాశాలలో జేకబ్ చాండీగారు మెదడు శస్త్రచికిత్సకు విభాగమును నెలకొల్పిన నాఁటనుండి ఆ పేరు నిలిచినది. ఆ నమ్మకము యోగ్యమైనదే. కాని పక్షవాతము తగిలిన గంటలో వేలూరు రైలునకై జంక్షనులో కనిపెట్టుకొనియుండుట, ఇల్లు కాలుచుండఁగా దూరపు చెఱువునకు కడవతోఁ బోవుటవంటిది. దగ్గఱనున్న స్కాను యంత్రమే ఆ గంటకు గొప్ప యాసుపత్రి.

చిన్న యాసుపత్రిలో నాడీవైద్యుఁడు లేఁడని నిరాశపడ నవసరము లేదు. హిమాచలప్రదేశమున కొండదారులు మన దారులకంటె కష్టమైనవి. 2014 మొదలుకొని అక్కడి జిల్లా యాసుపత్రులలో సామాన్యవైద్యులే రోగిని పరీక్షించి, స్కాను చిత్రమును సెల్‌ఫోనులో పెద్దాసుపత్రి నాడీవైద్యునికిఁ బంపి, ఆయన సలహాపై మందు నిచ్చుచు వచ్చిరి. మందును ప్రభుత్వమే యుచితముగా నిచ్చెను. మందుకూడ సులభమగుచున్నది. ఆల్టెప్లేజు నైనచో కొంత సూదిగా నిచ్చి తక్కినది గంటసేపు బొట్టుబొట్టుగా నెక్కింపవలెను. టెనెక్టెప్లేజు అను తరువాతి మందు ఒక్క సూదితో సరిపోవును. దానిని మనదేశముననే పుణెలో తయారుచేయుచున్నారు. పల్లెటూరి యాసుపత్రికి ఈ భేదము చిన్నది కాదు.

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సుభాష్ కౌల్ గారును వారి తోడివారును తమ రోగుల వివరములను వరుసగా వ్రాసి 2002 లో ప్రకటించిరి. పాశ్చాత్యులలో పూడిక యెక్కువగా మెడలోని ధమనులలోఁ గనఁబడఁగా, మనవారిలో పుఱ్ఱెలోపలి ధమనులలోనే యది యెక్కువగా నుండెనని వారికి తేలెను. మన నెత్తురునాళముల పాఠమును మనము మన రోగులనుండియే నేర్వవలెననుటకు దీనిని మేము తఱచుగా దృష్టాంతముగాఁ జెప్పుదుము. పడుచువారిని బాధించు కారణము వేఱొకటి మనదేశమున నున్నది. చిన్ననాఁటి గొంతునొప్పి, కీళ్లజ్వరమువలన గుండెకవాటములు చెడినవారికి గుండె తప్పుతాళముగాఁ గొట్టుకొని, అందు గడ్డకట్టి, అది తెగి తలకెక్కును. ముప్పదియేండ్ల స్త్రీకి పక్షవాత మేమిటని యాశ్చర్యపడువారు ఆమె గుండెను పరీక్షింపించవలెను.

గుర్తులు తెలిసికొనుట కష్టము కాదు. నవ్వుమన్నపుడు మూతి ఒకప్రక్కకుఁ బోవుట, రెండు చేతులు చాఁపుమన్నపుడు ఒకటి క్రుంగుట, చిన్నవాక్యము చెప్పుమన్నపుడు మాట ముద్దగుట లేక అర్థము లేకుండుట, తటాలున నొక కన్ను గాని ఒకప్రక్క చూపు గాని పోవుట, నడక తూలుట. ఇవి తటాలున వచ్చుటయే ముఖ్యలక్షణము. నొప్పి యుండకపోవుటచేతనే జనులు ఉపేక్షింతురు. తేలు కుట్టినచో పరుగెత్తువారు, చేయి చచ్చినచో పండుకొని లేచిన సరిపోవునందురు. పావుగంటలో తానుగా తగ్గిపోయినను ఆసుపత్రికిఁ బోవలసినదే. అది రాఁబోవు పెద్దదానికి ముందువచ్చిన చాటింపు కావచ్చును.

వాహనము వచ్చులోపల రోగిని ప్రక్కకు పండుకొనఁబెట్టుఁడు. నోట నేమియు పోయకుఁడు. కాఫీయైనను, నీరైనను, పసరైనను. మ్రింగుడుశక్తి పోయినవానికి అది ఊపిరితిత్తులలోనికిఁ బోయి వేఱొక రోగమును తెచ్చును. గుండెపోటునకు మంచిదని విని కొందఱు ఆస్పిరిను బిళ్ల వేయుదురు. చిమ్మినది నెత్తురో అడ్డినది గడ్డయో తెలియనిదే దానిని వేయరాదు. నెత్తురుపోటు బిళ్లను ఇంట రెట్టింపుచేసి వేయుటయు తప్పు. అడ్డు అవతలకు నెత్తురును త్రోయుటకై శరీరమే పోటును పెంచుకొనియుండవచ్చును. దానిని ఎంతకు తగ్గింపవలెనో వైద్యుఁడు నిర్ణయించును. అన్నిటికంటె ముందు గడియారము చూచి కాలము వ్రాసికొనుఁడు. ఇక్కడనొక చిక్కున్నది. తెల్లవాఱి ఆఱుగంటలకు లేచునప్పటికే చేయి పడియున్నచో రోగము ఆఱుగంటలకు వచ్చినట్లు కాదు. రాత్రి పదిగంటలకు బాగుగా మాటాడి పండుకొనెనేని, వైద్యుఁడు పదిగంటలనుండియే లెక్కించును. కావున కడపట బాగుగాఁ జూచినవా రెవరో వారే రోగి వెంట పోవలెను. మనలో తఱచుగా నింటిలోనివా రొకరు చూచుటయు, ఊరిపెద్ద యొకఁడు వెంటపోవుటయు జరుగుచున్నది.

నెత్తురును మరల పాఱించుట యొకటి, పాఱువఱకు చేను మాడకుండఁ గాచుట యొకటి. ఈ రెండవదానికి మందు లేదా యని చుఱుకైన విద్యార్థి అడుగకపోఁడు. వెదకనివారు లేరు. 2006 లో నొక పరిశీలనలో లెక్కింపఁగా, అంతవఱకు ప్రయోగశాలలలో వేయికి మించిన మందులు పరీక్షింపఁబడినవని తేలెను. ఎలుకలలో మెదడును కాపాడిన మందులు మనుష్యులకడకు వచ్చునప్పటికి దాదాపన్నియు విఫలములైనవి. నేఁడు చేయఁగలిగినది సామాన్యమైన శ్రద్ధ. జ్వరమును రానీయకుండుట, చక్కెరను హెచ్చుతగ్గులు కానీయకుండుట, మ్రింగుట పరీక్షించిన తరువాతనే ఆహారమిచ్చుట, తొందరగా లేపి కూర్చుండఁబెట్టుట. పక్షవాతరోగులకై ప్రత్యేకముగా నొక గదిని, దానిలో శిక్షణపొందిన దాదులను ఏర్పఱచిన ఆసుపత్రులలో మరణములును వైకల్యములును తగ్గినవి. ఏ క్రొత్తమందును సాధింపలేనిదానిని దాదుల కనిపెట్టుకొనియుండుట సాధించినదన్నచో మిషను ఆసుపత్రులలో జీవితము గడపిన సోదరీమణులు ఆశ్చర్యపడరు.

గడువు దాఁటినవారికిఁ గూడ చేయవలసిన పని యున్నది. చచ్చినకణములు మరల పుట్టకున్నను, బ్రదికిన ప్రక్కభాగములు అభ్యాసముచే క్రొత్తపనిని నేర్చును. మొదటి మూఁడునెలలలో నీ నేర్పు అధికము. పడిపోయిన చేతిని గుడ్డలో చుట్టి ప్రక్కన పెట్టక, దినమునకు పలుమాఱులు కదలింపవలెను. మాట పోయినవానికి చిన్నపిల్లలకువలె వస్తువులను చూపి పేర్లు పలికింపవలెను. మా విద్యార్థులకు ఇది చక్కగాఁ జేతనగు పని.

ఈ పాఠమునకు అభ్యాసము. సెలవులలో ప్రతివిద్యార్థియు ఒక యట్టముక్కపై ఈ క్రింది సంగతులు పెద్దయక్షరములతో వ్రాసి ఇంట తలుపువెనుక అంటింపవలెను. రాత్రింబగళ్లు సి.టి. స్కాను తీసి గడ్డకరిగించు సూది వేయు ఆసుపత్రి మీ యూరికి దగ్గఱగా నేది? ఎన్ని కిలోమీటర్లు? ఎన్ని నిమిషములు? అక్కడి ఫోను సంఖ్య యేమి? ఈ ప్రశ్నలను ఆసుపత్రికే పోయి యడిగి తెలిసికొనవలెను; ఊహించి వ్రాయరాదు. క్రింద 108 అనియు, ఇంటనున్న జేజి, జేజినాయనల నెత్తురుపోటును, వారు వాడు మందుల పేర్లును వ్రాయవలెను. పాఠశాల తెఱచిన మొదటి వారములో అట్టముక్క నకలును విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయునికిఁ జూపవలెను.